ఆర్కేడియాలోని ‘పాప్స్’: సోడా అనాలా, పాప్ అనాలా, కోక్ అనాలా?

ఓక్లహోమా సిటీకి ఈశాన్యంగా, పాత రూట్ 66 రహదారి మీద ఆర్కేడియా అనే చిన్న ఊరు ఉంది. 1898లో కొయ్యతో గుండ్రంగా కట్టిన ఎర్రటి కొట్టం ఒకటి చాలాకాలం ఆ ఊరికి గుర్తుగా ఉండేది; 2007లో దానికి ‘పాప్స్’ అనే దుకాణం తోడైంది. పెట్రోలు బంకు, హాంబర్గర్లు అమ్మే హోటలు, కూల్‌డ్రింకుల కొట్టు మూడూ కలిసిన ఈ దుకాణం ముందు, స్ట్రా గుచ్చిన సీసా ఆకారంలో ఒక ఉక్కు కట్టడాన్ని నిలబెట్టారు. రహదారి సంఖ్య 66 కాబట్టి దాని ఎత్తు కూడా 66 అడుగులు. చీకటి పడ్డాక దాని మీది దీపాలు రంగులు మారుతూ చాలా దూరం నుంచే కనిపిస్తాయి. భవనాన్ని రూపొందించినవారు ఓక్లహోమాకే చెందిన రాండ్ ఇలియట్ అనే వాస్తుశిల్పి. పెట్రోలు పంపుల మీదుగా, ఎక్కడా స్తంభం అడ్డం లేకుండా ముందుకు సాగిపోయే ఆ ఉక్కు చూరు కింద కారు ఆపుకొని కాసేపు పైకి చూస్తూ నిలబడాలనిపిస్తుంది.

లోపల అమ్మే పానీయాలు ఏడు వందల రకాలని దుకాణం చెప్పుకుంటుంది. అద్దాల గోడల వెంట అరలు కట్టి, ఎరుపు పక్కన నారింజ, దాని పక్కన పసుపు, ఆపైన ఆకుపచ్చ, నీలం అన్న వరుసలో రంగురంగుల సీసాలను నింపారు. మధ్యాహ్నపు ఎండ వాటి గుండా లోపలికి పడే వేళ ఎవరైనా ఫోటో తీసుకోకుండా ఉండలేరు. తాగడానికి కావలసిన చల్లటి సీసాలు వేరే అరల్లో, వేళ్ళ రుచి పానీయాలైన రూట్ బీర్లు ఒకచోట, వెనిలా రుచి ఉండే క్రీమ్ సోడాలు ఒకచోట అన్నట్టుగా రుచిని బట్టి ఉంటాయి. విడిగా ఒక్కొక్క సీసా ఏరుకొని, ఆరింటిని ఒక అట్టపెట్టెలో పెట్టుకొని తీసుకుపోవచ్చు.

రంగును బట్టి, రుచిని బట్టి సర్దిన ఈ సరుకంతా నిజానికి ఊరిని బట్టి పుట్టినది. ఇక్కడి సీసాల్లో చాలావాటికి ఒక సొంత ఊరు, ఆ ఊరి దాపుల్లోనే దొరికే అభిమానులు ఉన్నారు. అంతకంటే విచిత్రమేమిటంటే, గ్యాసు పట్టించిన ఈ తియ్యటి పానీయాలన్నిటినీ కలిపి ఏమని పిలవాలన్న విషయంలోనే అమెరికాలో ఒక ప్రాంతానికి మరొక ప్రాంతానికి పొత్తు కుదరదు. ‘పాప్స్’ అనే పేరుతోనే ఈ దుకాణం ఆ తగవులో ఒక పక్షం వహించింది. అందువల్ల దీన్ని సీసాల ప్రదర్శనగా కాక పేర్ల పటంగా చూసి, ఏ సీసా ఏ మాట పలికే సీమ నుంచి వచ్చిందో గమనిస్తూ కొనుక్కుంటేనే ఇక్కడికి వచ్చినందుకు పూర్తి ఫలం దక్కుతుందని నా అభిప్రాయం. ఈ సమీక్ష ఆ పద్ధతిలో కొనాలనుకునేవారి కోసం.

స్థూలంగా మూడు పేర్లు చెలామణిలో ఉన్నాయి. ఈశాన్య రాష్ట్రాల్లోనూ, కాలిఫోర్నియాలోనూ ‘సోడా’ అంటారు. మిషిగన్, ఒహాయో, మిన్నెసోటా, కాన్సస్ వంటి మధ్య పశ్చిమ రాష్ట్రాల నుంచి వాయవ్యాన వాషింగ్టన్ రాష్ట్రం వరకు ‘పాప్’ అంటారు. జార్జియా, అలబామా, మిసిసిపీ, టెక్సస్ వంటి దక్షిణాది రాష్ట్రాల్లో ఏ కంపెనీ పానీయమైనా ‘కోక్’ అనే అలవాటు ఉంది. బెర్ట్ వాక్స్, స్కాట్ గోల్డర్ అనే పరిశోధకులు 2003 ప్రాంతంలో హార్వర్డ్‌లో నిర్వహించిన మాండలిక సర్వేలో దాదాపు 53 శాతం మంది సోడా అనీ, 25 శాతం మంది పాప్ అనీ, 12 శాతం మంది కోక్ అనీ చెప్పారు. మిగిలినవారు సాఫ్ట్ డ్రింక్, టానిక్ వంటి చిల్లర పేర్లవారు.

రూట్ 66 ఈ పేర్లన్నిటి మీదుగా పోతుంది. 1926లో ఏర్పడిన ఆ రహదారి పాప్ అనే షికాగోలో మొదలై, సోడా అనే సెయింట్ లూయిస్‌ను దాటి, తిరిగి పాప్ అనే కాన్సస్ మూలను తాకి, ఓక్లహోమాలో పాప్‌కూ కోక్‌కూ మధ్య నడిచి, కోక్ అనే టెక్సస్ ఉత్తర భాగం గుండా సాగి, చివరకు సోడా అనే కాలిఫోర్నియాలో సముద్రం దగ్గర ముగుస్తుంది. ఓక్లహోమాలో ఉత్తరాన ఉన్నవారు పాప్ వైపు, టెక్సస్ సరిహద్దుకు దగ్గరగా ఉన్నవారు కోక్ వైపు మొగ్గుతారు. ఇటువంటి దుకాణానికి ఇంతకంటే తగిన చోటు దొరకడం కష్టం.

తెలుగువారికి ఈ విషయంలో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మనకు సోడా అంటే తీపి లేని, గ్యాసు కొట్టిన నీళ్ళు. నిమ్మకాయ పిండి ఉప్పు వేస్తే నిమ్మకాయ సోడా, గోళీ ఉన్న సీసాలో వస్తే గోళీ సోడా. తియ్యటి వాటికి మన దగ్గర ఉన్న పేరు కూల్‌డ్రింకు. కొత్తగా అమెరికా వచ్చినవారు హోటల్లో సోడా అడిగి, వచ్చిన కోలాను చూసి తెల్లబోవడం మామూలే. మనం కోరుకునే సోడాను ఇక్కడ క్లబ్ సోడా అనో స్పార్క్లింగ్ వాటర్ అనో అడగాలి. పాప్స్‌కు ఎవరైనా మన సోడా కోసం వస్తే నిరాశ పడతారు, ఎందుకంటే ఇక్కడి సరుకులో నూటికి తొంభై పాళ్ళు చక్కెరే రాజ్యమేలుతుంది.

డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారు మొదట చూడవలసినవి తమ రాష్ట్రపు సీసాలే. టెక్సస్‌లో పాతకాపులు “కోక్ తాగుతావా?” అని అడిగితే “సరే, డాక్టర్ పెప్పర్ ఇవ్వు” అని జవాబు రావడంలో ఎవరికీ తప్పు కనిపించదు. ఏ కంపెనీ వనస్పతినైనా మన ఇళ్ళలో డాల్డా అన్నట్టే ఇది కూడా. కోకా-కోలాను 1886లో అట్లాంటాలో జాన్ పెంబర్టన్ అనే మందుల వ్యాపారి తయారు చేశాడు. జనం ఆ పేరును కోక్ అని కుదించడం మొదట్లో కంపెనీకి ఏమాత్రం నచ్చలేదు. పొట్టి పేరుతో అడిగితే దుకాణదారు వేరే సరుకు అంటగడతాడనీ, పూర్తి పేరుతోనే అడగాలనీ ప్రకటనల ద్వారా బతిమాలింది. ‘కె’ అక్షరంతో మొదలయ్యే ‘కోక్’ పేరు పెట్టుకున్న ఇంకో కంపెనీ మీద వేసిన దావాను సుప్రీం కోర్టు దాకా తీసుకుపోయి 1920లో గెలిచింది. అయినా జనం నోరు కట్టడం సాధ్యం కాలేదు. చివరకు 1941లో తానే ప్రకటనల్లో ఆ పొట్టి పేరును వాడడం మొదలుపెట్టి, 1945లో దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకుంది. ఇంత పోరాడి సంపాదించిన పేరును దక్షిణాది జనం పోటీ కంపెనీల సరుకుకు కూడా ఉదారంగా పంచిపెట్టడం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది.

డాక్టర్ పెప్పర్ కోకా-కోలా కంటే ఒక ఏడాది పెద్దది. 1885లో టెక్సస్‌లోని వేకో పట్టణంలో, మందుల షాపులో పనిచేసే చార్లెస్ ఆల్డర్టన్ దాన్ని కలిపాడు. అదే వేకోలో 1937లో పుట్టిన ‘బిగ్ రెడ్’ అనే ఎర్రటి పానీయం శాన్ ఆంటోనియో ప్రాంతంలో బార్బకోవా అనే మాంసపు వంటకానికి జోడీగా పేరుపొందింది; మరీ తీపి, ఒక్క సీసాను ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మేలు. టెక్సస్‌లోనే డబ్లిన్ అనే చిన్న ఊరిలో 1891 నుంచి డాక్టర్ పెప్పర్ నింపుతూ వచ్చిన కర్మాగారం, దేశమంతా మొక్కజొన్న పాకానికి మారిన తరువాత కూడా చెరకు చక్కెరనే వాడుతూ, సీసా మీద తమ ఊరి పేరు కూడా వేసుకొనేది. ఆ ఊరి పేరు వేయడం మీద, తమకు కేటాయించిన ప్రాంతం దాటి అమ్మడం మీద అసలు కంపెనీతో వివాదం ముదిరి, 2012 జనవరిలో అక్కడ డాక్టర్ పెప్పర్ తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఆ కర్మాగారం సొంత పేరుతో వేరే రుచులు తయారు చేస్తున్నది. డబ్లిన్ చీటీ ఉన్న సీసా కనిపిస్తే తప్పక కొనండి. చెరకు తీపికీ మొక్కజొన్న తీపికీ ఉన్న తేడా నాలుకకు స్పష్టంగా తెలుస్తుంది.

పాప్ పక్షానికి ప్రతినిధిగా డెట్రాయిట్‌ను ఎంచుకోవాలి. అక్కడి ‘ఫేగో’ కంపెనీని రష్యా నుంచి వలస వచ్చిన ఫైగెన్‌సన్ సోదరులు 1907లో ప్రారంభించారు. వారు బేకరీ పనివారు కావడం వల్ల కేకుల పై పూతకు వాడే రుచులనే సీసాల్లోకి దించారు. వారి ఎర్రటి స్ట్రాబెర్రీ పానీయం పేరే ‘రెడ్‌పాప్’. పాప్ అన్న మాట తమ ఊరిలోనే పుట్టిందని డెట్రాయిట్‌లో చెప్పుకోవడం కద్దు. కానీ ఇంగ్లీషు కవి రాబర్ట్ సదే 1812లోనే ఒక లేఖలో, బిరడా ఊడినప్పుడు వచ్చే చప్పుడును బట్టి ఆ పేరు వచ్చిందని రాశాడు. ఫేగో నాకు కొంచెం పిల్లల పానీయంలా అనిపించింది. దానికంటే, అదే డెట్రాయిట్‌లో 1866లో మొదలైన ‘వెర్నర్స్’ అనే అల్లం పానీయం పెద్దలకు తగినది. అల్లం ఘాటు, గ్యాసు జోరు కలిసి మూత తీయగానే ముక్కుపుటాలను తాకుతాయి. తుమ్ము రాకుండా మొదటి గుటక మింగినవారిని మెచ్చుకోవాలి. భోజనం బరువైన రోజున జింజర్ సోడా తాగే అలవాటు ఉన్నవారికి ఇది వెంటనే నచ్చుతుంది.

పటంలో సోడా సీమలు ఒకే ముక్కగా లేవు. చుట్టూ పాప్ అనేవారు ఉండగా మధ్యలో సెయింట్ లూయిస్, మిల్వాకీ నగరాలు లంకల్లా సోడా అంటూ నిలబడ్డాయి. సెయింట్ లూయిస్‌లో 1929లో పుట్టిన సెవెన్ అప్ అసలు పేరులోనే సోడా అన్న మాట ఉంది. అప్పట్లో అందులో లిథియం లవణం కూడా కలిపేవారు, 1948లో తీసేశారు. మిల్వాకీ తరఫున తేనె కలిపిన ‘స్ప్రెకర్’ రూట్ బీరు కొనుక్కోవచ్చు. న్యూయార్క్ నుంచి వచ్చే ‘డాక్టర్ బ్రౌన్స్’ వారి ఆకుకూర రుచి సోడా, అంటే సెలరీ గింజల సారంతో చేసినది, విన్నంత భయంకరంగా ఉండదు. మసాలా తగిలించిన మాంసపు సాండ్‌విచ్ పక్కన అది చక్కగా ఇముడుతుంది, విడిగా మాత్రం సహించడం కష్టం.

చిన్న పేర్లవారిని మరచిపోకూడదు. బోస్టన్ చుట్టుపక్కల పాతతరం వారు ఈ పానీయాలన్నిటినీ టానిక్ అనేవారు. ఆ మాట ఎందుకు అతికిందో తెలియాలంటే ‘మాక్సీ’ సీసా తెరవాలి. అగస్టిన్ థాంప్సన్ అనే వైద్యుడు 1876లో మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో మందుగా మొదలుపెట్టి, తరువాత గ్యాసు పట్టించి అమ్మిన ఈ పానీయంలో జెన్షన్ వేరు చేదు ఉంటుంది. మొదట తీపి, వెంటనే చేదు, మింగిన తరువాత కూడా పోని చేదు. మెయిన్ రాష్ట్రం దీన్ని 2005లో తమ అధికారిక పానీయంగా ప్రకటించింది. నాకు ఈ సీసా నచ్చింది కానీ, మరొకరికి ధైర్యంగా సిఫారసు చేయలేను. కెరొలైనా కొండ ప్రాంతాల్లో పాతవారు కోకా-కోలాను ‘డోప్’ అని పిలిచేవారట; ఇప్పుడు ఆ మాటకు మత్తుమందు అని అర్థం కాబట్టి దుకాణంలో అడిగితే పోలీసులు వస్తారు. లూయిజియానాలో మాత్రం కొందరు ఇప్పటికీ ‘కోల్డ్ డ్రింక్’ అంటారు. రెండు మాటలనూ కలిపి వారు పలికే తీరు వింటే మన కూల్‌డ్రింకు పక్క వీధిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది.

రూట్ బీరు గురించి వివరంగా చెప్పవలసిన అవసరం ఉంది, ఎందుకంటే ఈ దుకాణంలో ఎక్కువ స్థలం ఆక్రమించినదీ, మనవారు ఎక్కువగా ముఖం చిట్లించేదీ అదే. ఇందులో మద్యం లేదు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతాబ్ది ప్రదర్శనలో చార్లెస్ హైర్స్ దీన్ని జనానికి పరిచయం చేశాడు. పూర్వం దీని ముఖ్యమైన రుచి సాసఫ్రాస్ చెట్టు వేరు నుంచి వచ్చేది. ఆ వేరులోని సాఫ్రోల్ హానికరమని 1960లో అమెరికా ప్రభుత్వం నిషేధించిన తరువాత కృత్రిమమైన రుచులు, సాఫ్రోల్ తీసివేసిన సారాలు వాడుతున్నారు. దానికి తోడు వింటర్‌గ్రీన్ నూనె పరిమళం ఉంటుంది. మన నొప్పుల బామ్‌లలో వాడే గంధపూర తైలంలో ఉన్నది కూడా అదే రసాయనం. కాబట్టి మొదటి గుటకలో బామ్ డబ్బా గుర్తుకు రావడం మన నాలుక తప్పు కాదు.

అయితే రూట్ బీర్లన్నీ ఒకటి కాదు. వింటర్‌గ్రీన్ తక్కువగా, వెనిలా, సార్సపరిల్లా అనే వేరు రుచి ఎక్కువగా ఉన్నవాటిని ఎంచుకుంటే కథ మారుతుంది. మన రాయలసీమలో నన్నారి అనీ, మరికొన్ని చోట్ల సుగంధి అనీ పిలిచే వేరును ఇంగ్లీషు పుస్తకాలు భారతీయ సార్సపరిల్లా అని రాస్తాయి. మొక్కలు వేరైనా, వేసవిలో నన్నారి షర్బత్ తాగి పెరిగినవారికి ఇటువంటి సీసాలో పరిచయమైన మట్టి వాసన, వేరు వాసన తగులుతాయి. మిసిసిపీలోని బిలాక్సీలో 1898లో మొదలైన ‘బార్క్స్’ ఘాటైన రకం; కొత్తవారు దానితో మొదలుపెట్టకుండా, స్ప్రెకర్ వంటి మెత్తటి దానితో మొదలుపెట్టడం మంచిది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు వెంట ఉంటే బీరు అన్న మాటకు కంగారు పడవద్దని ముందే చెప్పాలి. నార్త్ కెరొలైనాలో 1917లో పుట్టిన ‘చియర్‌వైన్’ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. దాని ముదురు ఎరుపు రంగే వైన్‌ను గుర్తుచేస్తుంది తప్ప, లోపల ఉన్నది చెర్రీ రుచి మాత్రమే.

ద్రాక్ష రుచి అరలో జార్జియాకు చెందిన ‘నీహై’ ఉంటుంది. గోదావరి జిల్లాలవారు దాన్ని తాగితే రామచంద్రపురం ఆర్టోస్ గుర్తుకు రాక మానదు. పోల్చి చూస్తే నా ఓటు ఆర్టోస్‌కే. తమ ఊరి దాపుల్లో దొరికే సీసా మీద అక్కడివారికి ఉన్న పక్షపాతం ఎటువంటిదో కెంటకీ వాళ్ళ ‘ఏల్-ఎయిట్-వన్’ సీసా పట్టుకున్నవారిని చూసినా తెలుస్తుంది. 1926 నుంచి వించెస్టర్ పట్టణంలో తయారవుతున్న ఆ అల్లం పానీయం ఇక్కడ నేను కొన్నవాటిలో అన్నిటికంటే సమతూకంగా ఉంది. తీపి తక్కువ, గ్యాసు మెత్తన, అల్లం ఉన్నట్టే ఉండి దాక్కుంటుంది.

పంది మాంసపు రుచి, సలాడ్ మీద పోసుకొనే డ్రెస్సింగ్ రుచి వంటి వింత సీసాలు ఇటువంటి దుకాణాలన్నిటిలో ఉంటాయి. పిల్లలు పందెం కాసుకోవడానికి తప్ప అవి ఎందుకూ పనికిరావు. వాటి మీద పెట్టే డబ్బుతో ఒక మంచి ప్రాంతీయ సీసా వస్తుంది. ధరలు సూపర్ మార్కెట్ కంటే ఎక్కువే. కానీ కెంటకీ, మెయిన్, మిషిగన్, టెక్సస్ సీసాలు ఒకే అట్టపెట్టెలో చేరడానికి ఇచ్చే రుసుముగా చూస్తే అన్యాయం అనిపించదు. సరుకు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది కాబట్టి నేను పేర్కొన్నవన్నీ ఎప్పుడూ దొరుకుతాయన్న హామీ లేదు. చీటీ మీద తయారైన ఊరి పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని చదివే ఓపిక ఉండాలి. సీసాలను ఏ రాష్ట్రం నుంచి వచ్చాయో ఆ వరుసలో ఒక్క అరలోనైనా పెట్టి చూపిస్తే, ఫోటోల కోసం వచ్చినవారు కూడా ఇంకొంచెంసేపు ఆగుతారని నాకు అనిపించింది.

భోజనం బర్గర్లు, వేయించిన బంగాళదుంపలు, మిల్క్ షేకుల తరహాలో ఉంటుంది. శాకాహారులకు ఎంపిక తక్కువ కాబట్టి వారు ఓక్లహోమా సిటీలో తినివచ్చి ఇక్కడ పానీయాలకే పరిమితం కావడం మంచిది. డాలస్ నుంచి ఉత్తరంగా ఐ-35 రహదారి మీద మూడు గంటలకు పైగా ప్రయాణం. కేవలం ఈ దుకాణం కోసమే అంత దూరం రమ్మని నేను చెప్పను. ఓక్లహోమా సిటీలో వేరే పని ఉన్నప్పుడు, లేదా స్టిల్‌వాటర్‌లో చదువుకుంటున్న పిల్లలను చూడడానికి వెళ్ళినప్పుడు, దారి కొంచెం మళ్ళించి సాయంత్రం వేళకు చేరుకుంటే అద్దాల అరల మీది ఎండనూ, బయటి దీపాలనూ రెండింటినీ చూడవచ్చు. వేసవిలో వెళ్ళేవారు ఒక ఐస్ పెట్టె వెంట తీసుకెళ్ళండి. గాజు సీసాలను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే గ్యాసు ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది.